తనిఖీలో ఉన్న పుస్తకం

చిన్నక్క తెచ్చిన సంగటిముద్దను కదిరప్ప మూడు ముక్కలు చేశాడు. మూడింటిలోనూ సంగటే ఉంది. ఊరిబిండిలో చీపురుపుల్ల పెట్టి అటూ ఇటూ తిప్పాడు. అందులోనూ శెనక్కాయలూ ఎండు మిరపకాయలూ తప్ప ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనందుకు కాస్త నొచ్చుకున్నవాడిలా ముఖం పెట్టి, పుల్లను గోడవతల పారేసి, రిజిస్టరులో రాసుకుని, లోపలికి పొమ్మని గడ్డంతో చూపించాడు.

ఆ సబ్‌జైలు ఏ ఊర్లో ఉందో చెప్పను. ఈ కథ హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ మూడింటిలో ఏదో ఒకటని మీరు అనుకుంటారు. కాదు, ఈ జైలు నేను కట్టించింది. నాలుగు గోడలు, ఒక గేటు, గేటు దగ్గర కదిరప్ప ఉంటే జైలు తయారైపోతుంది. దానికి ఊరి పేరుతో పనిలేదు.

ములాఖాత్ మంగళ, శుక్రవారాల్లో, పది నిమిషాలు. ఇటు ఒక జాలీ, అటు ఒక జాలీ, నడుమ మూరెడు ఖాళీ. ఇటువైపు నాలుగు కుటుంబాలు ఒకేసారి మాట్లాడుతుంటాయి. ఎవరి కొడుకు మాట వాళ్లు ఏరుకోవాలి. దేవేంద్ర అటువైపు జాలీ పట్టుకుని నిలబడలేదు. రెండు అడుగులు ఇటు వేస్తాడు, రెండు అడుగులు అటు వేస్తాడు. ధర్మవరంలో మగ్గాల షెడ్డులో పట్టునూలు పోయిందని కేసు పెట్టి, ఆరోజు షెడ్డులో ఉన్న ముగ్గురిలో ఇతన్ని తెచ్చి ఇక్కడ వేసి నలభై మూడు రోజులైంది. ఇరవై మూడేళ్లవాడు. గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి.

"తిన్న్యావా నాయనా?" అంది చిన్నక్క.

"తింటాండా. మా, చదివేకి ఏమన్నా తే."

"ఏం చదివేకి?"

"ఏందైనా సరే. ఒక పుస్తకం. పదకొండు మందిమి ఒగే గదిలో ఉండాము. మాటలన్నీ అయిపోయినాయి. ఒకని కేసు ఇంగొకనికి నోటికొచ్చేసింది. బకెట్టు మీద కంపెనీ పేరుంటే అదే వంద సార్లు చదివినా."

"ఈడ పుస్తకాలు ఇయ్యరా?"

"అద్దాల బీరువా ఉండాది, నిండా పుస్తకాలుండాయి. ముందరుండే సారు బదిలీ అయిపోయినప్పుడు బీగం చెవి ఎత్తుకోని పోయినాడంట. అద్దంలోంచి అట్టల మీది పేర్లు చదువుకుంటాండాము. ముప్పై ఒకటుండాయి." అతను ఆగి, నుదుటి మీది జుట్టు పైకి తోశాడు. అక్కడ నిమ్మకాయంత బొప్పి కట్టి ఉంది. "మగ్గం ముందర కూచుంటే చేతులాడతాంటాయి, తల ఆడతాంటాది. ఈడ రెండూ ఊరికే ఉంటే పిచ్చి పడతాది మా. మొన్న నేనే పోయి గోడకు కొట్టుకున్నా. ఎందుకు కొట్టుకున్నానో నాకే తెలీదు."

బెయిలు గురించి అడుగుతాడని చిన్నక్క లాయరు చెప్పిన మాటలన్నీ దారిపొడుగునా వల్లె వేసుకుని వచ్చింది. అతను అడగలేదు. ఆమె కళ్లు ఆ బొప్పి మీదే నిలిచిపోయాయి.

బయటికి వచ్చి కదిరప్పను అడిగింది. "అప్పా, పుస్తకం తెస్తే ఇడుస్తారా?"

"తే. లోపల ఏముండాదో మేము చూసి రాయల్ల. సారు సంతకం పెట్టల్ల. అప్పుడు ఇడుస్తాం."

"ఏముంటాదప్పా, అచ్చరాలుంటాయి."

"ఆ అచ్చరాల్లో ఏముండాదో చూడల్ల కదమ్మా."

ఇంకా రూల్సు ఉన్నాయి. అతను చెప్పలేదు. గేటు దగ్గర రూల్సన్నీ ఒక్కసారే చెప్పే ఆనవాయితీ లేదు. ఒక్కో రాకకు ఒక్కో రూలు బయటపడుతుంది. అందుకే పేదవాళ్ల చేతిలో బస్సు చార్జీ డబ్బులు అంత తొందరగా అయిపోతుంటాయి.

మరుసటి రోజు పొద్దున వాళ్ల ఊర్లో ఉలిగమ్మ పంచలో ఆడవాళ్లంతా చింతపండు కొడుతున్నారు. ఊరు పెనుకొండకు ఆరు మైళ్లు. చింతకాయల కాలంలో ఆ చుట్టుపక్కల ఏ పంచలో చూసినా ఇదే పని. ఒకరు పెంకు తీస్తారు, ఒకరు ఈనె లాగుతారు. చిన్నక్కది గింజ కొట్టే పని. పండును రాతి మీద పెట్టి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేసి, బొటనవేలితో గింజను పక్కకు చిమ్మాలి. దెబ్బ గట్టిగా పడితే గింజ చిట్లుతుంది, మెల్లగా పడితే పండు విడవదు. ముప్పై ఏళ్లుగా ఆమె దెబ్బ తప్పింది లేదు. పులుపుకు వేళ్లు నల్లబారి, ఏ సబ్బుకూ లొంగని రంగు పట్టుకున్నాయి.

"పుస్తకమా?" అంది ఉలిగమ్మ. "మొదులు బెయిలు చూడు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కినట్టు, పుస్తకమంట."

"బెయిలు లాయరు చూస్తాడు. వాని తల నేను చూడల్ల."

ఆ మధ్యాహ్నమే చింతపండు గంప నెత్తిన పెట్టుకుని ఆమె హిందూపురం బస్సెక్కింది. మార్కెట్లో గంప దించి, తూకం వేయించి, ఎప్పటిలా బస్టాండుకు పోకుండా పాత పేపర్ల కొట్టున్న సందులోకి తిరిగింది. ఆ కొట్టు ముందునుంచి ఎన్నోసార్లు నడిచింది గానీ లోపలికి పోవలసిన అవసరం ఎప్పుడూ పడలేదు. మనిషెత్తు పేపర్ల కట్టల నడుమ, తక్కెడ పక్కన, కొట్టు శెట్టిగారి ఇల్లాలు పద్మావతమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం కావల్లమ్మా?"

"పుస్తకం."

"ఏం పుస్తకం?"

చిన్నక్క తడబడింది. పుస్తకాల్లో రకాలుంటాయని ఆమెకు తెలుసు. ఆ రకాల పేర్లు తెలియవు. "చదివేది," అంది.

పద్మావతమ్మ నవ్వలేదు. "అన్నీ చదివేవే. ఎవురికి?"

"మా వానికి. దూరంలో ఉండాడు. పొద్దు పోతాలేదంట. బాగా టైము పట్టేది కావల్ల. పదిమంది చదివినా అరగనిది."

పక్కన గుట్టగా పోసిన పుస్తకాల్లో ఒక్కొక్కటే తీసి, గొర్రెపిల్లను పొట్ట కింద చేయి పెట్టి ఎత్తి చూసినట్టు, బరువు చూసి పక్కన పెట్టసాగింది చిన్నక్క. పద్మావతమ్మ కాసేపు చూసింది. తర్వాత తను కూర్చున్న గోనెపట్టా వెనకనుంచి ఒక పుస్తకం తీసింది. గట్టి అట్ట. అట్ట మీద కాడి కట్టిన రెండు ఎద్దులు.

"ఇది తూకానికి ఇచ్చేది కాదు. నా కోసరం పెట్టుకున్నా. మూడుసార్లు చదివినా. నడమ ఇడిచిపెట్టొద్దని చెప్పు మీ వానికి. అసలు కథంతా ఆఖర్న ఉండాది."

చిన్నక్కకు ఎద్దులు నచ్చాయి. మంచి జత. ఎడమదాని కొమ్ములు కొంచెం లోపలికి వంగి ఉన్నాయి, అలాంటిది మడక బాగా లాగుతుంది. "దుడ్లు ఎంతమ్మా?" అని అడిగితే పద్మావతమ్మ చేయి అడ్డం ఊపింది. ఊరికే తీసుకోవడం చిన్నక్కకు చేతకాలేదు. గంప అడుగున మిగిలిన చింతపండు ముద్దగా చేసి తక్కెడ పళ్లెంలో పెట్టి వచ్చేసింది.

ఆ పుస్తకాన్ని పాత చీరముక్కలో చుట్టి ఇంటికి తెచ్చి, అట్టకు పసుపు రాసి, ఎద్దుల నుదుట కుంకుమ పెట్టి, దేవుని గూట్లో ఉంచింది. ఊర్లో ఎవరికీ చూపలేదు. ఎదురింటి రేష్మకు చూపించి ఉంటే ఒక్క క్షణంలో తేలిపోయేది, ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. కానీ జైలుకు పోయే వస్తువును ఎవరు పదిమందికీ చూపించుకుంటారు? గురువారమంతా చిన్నక్క సుత్తి చకచకా ఆడింది. కొడుకు చేతిలో పుస్తకం, గోడకు దూరంగా కొడుకు తల. అంతవరకే ఆలోచించుకుంటూ గింజలు కొట్టింది. చాలా రోజుల తర్వాత ఆమెకు సంతోషం వేసింది.

శుక్రవారం గేటు దగ్గర రెండో రూలు బయటపడింది.

"గట్టి అట్ట లోపలికి పోదు," అన్నాడు కదిరప్ప.

"అట్ట ఏం చేస్తాదప్పా?"

"అట్టలో బ్లేడు పెట్టి తెచ్చినోళ్లుండారు. పీకెయ్."

"నువ్వే చూసి పీకు అప్పా."

"మాది కాని వస్తువు మేము చింపకూడదు. అదీ రూలే."

చిన్నక్క పుస్తకాన్ని కళ్లకు అద్దుకుంది. ముందు అట్ట పట్టుకుని లాగింది, పరపరమని వచ్చేసింది. వెనక అట్ట మొండికేసింది. ఎవరో పాతకాలపు పనివాడు దారం పోసి కుట్టిన కుట్టు అది. మోకాళ్ల నడుమ పుస్తకం ఇరికించుకుని రెండు చేతులా గుంజింది. అట్టతో పాటు వెనకనున్న ఒక పిడికెడు కాగితాలు కూడా ఊడి వచ్చేశాయి.

"పోనీలే. నాలుగు కాగితాలకు ఏమైతాది," అన్నాడు కదిరప్ప. పుస్తకం అందుకుని, రిజిస్టరులో 'పుస్తకం ఒకటి, అట్ట లేదు' అని ఎక్కించి, ఆ తర్వాత తెరిచాడు. చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. నడుమ తెరిచి, చివర తెరిచి చూశాడు.

"ఇదేందమ్మా ఇది?"

"పుస్తకం."

"ఇది కన్నడం కదమ్మా."

చిన్నక్కకు వెంటనే అర్థం కాలేదు. కన్నడం అంటే నోటితో మాట్లాడేదని ఆమెకు తెలుసు. హిందూపురం మార్కెట్లో సగం బేరాలు అందులోనే జరుగుతాయి, నాలుగు మాటలు తనూ ఆడుతుంది. అది కాగితం మీద వేరేగా ఉంటుందన్న సంగతి ఆమెకు తోచలేదు. ఆమె కళ్లకు రెండూ గుండ్రంగానే ఉంటాయి, రెండూ చీమల బారే. ఇక పద్మావతమ్మ సంగతంటారా, హిందూపురంలో పుట్టి పెరిగిన ఆ తల్లికి రెండు భాషలూ ఒకే ఇంట్లోని రెండు గదులు. ఏ గదిలో ఉన్నదీ చూసుకోకుండా తిరుగుతుంటుంది. ఒకటి రాని మనిషి ఉంటాడన్న ఆలోచన ఆమెకూ రాలేదు. ఒకరికి రెండూ వచ్చి, ఒకరికి రెండూ రాక, ఇద్దరూ కలిసి ఈ పని చేశారు.

"నాది తనకల్లు. నాకు కన్నడం రాదు," అన్నాడు కదిరప్ప. "సారుది ఆ పక్క కర్నూలు. ఆయప్పకూ రాదు. ఏముండాదో తెలీకుండా ఎట్ల ఇడిసేది? జైల్లోంచి ఎట్ల పారిపోవల్లనో రాసుంటే?"

"అట్ట మీద ఎద్దులుండాయి కదప్పా."

"అట్ట మీద ఎద్దులుంటే లోపల ఎద్దులే ఉంటాయని రూలు లేదు."

"పోనీ నాది నాకియ్యి. మార్చుకుని తెస్తా."

"రిజిస్టర్లో ఎక్కించేసినా. ఎక్కినాక తిరిగియ్యాలంటే సారు సంతకం కావల్ల. సారు కోర్టుకు పోయిండాడు. ఇప్పుడు అది తనిఖీలో ఉండాది." అట్టలేని ఆ పుస్తకాన్ని అతను బల్ల సొరుగులో పెట్టి మూసేశాడు. అది ఇప్పుడు లోపలా లేదు, బయటా లేదు.

జాలీ దగ్గర దేవేంద్ర ఆత్రంగా ఆమె చేతులకేసి చూశాడు. చేతుల్లో ఏమీ లేదు.

"తెచ్చినా నాయనా. వాళ్లు పెట్టుకున్నారు. అది కన్నడమంట."

"కన్నడమా?"

"నాకేం తెలుసప్పా. లావుగా ఉండాదని తెచ్చినా."

దేవేంద్ర ఒక నిమిషం ఆమెను చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "సరే పో మా," అని, వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయాడు. ఇంకా ఆరేడు నిమిషాలున్నాయి. నలభై ఆరు రోజుల్లో అతను ముందుగా పోవడం అదే మొదలు. పక్కవాళ్ల మాటల రొదలో చిన్నక్క ఖాళీ జాలీ పట్టుకుని గంట కొట్టేదాకా నిలబడింది. చదువు రానందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు, ఊర్లో ఆమె ఈడువాళ్లెవరికీ రాదు. ఆరోజు సిగ్గుపడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఊడిన అట్టలను, కాగితాలను పారేయడానికి బస్టాండులో చెత్తడబ్బా కనబడింది. పారేయలేకపోయింది. పుస్తకం ముక్కయినా సరస్వతే, కాలికింద పడకూడదు. పనికిరాని దాన్ని మోసుకుంటున్నానని తనను తాను తిట్టుకుంటూనే ఇంటికి తెచ్చి, మళ్లీ దేవుని గూట్లో, ఎద్దులు కనబడేటట్టు నిలబెట్టింది.

శనివారం ఆమె సుత్తి బొటనవేలి మీద పడింది. ఆదివారం ఇంకోసారి పడింది. "ఇంటికి పోయి పండుకోపో," అని ఉలిగమ్మ కసిరింది. ఇంటికి పోతే ఇంకా కష్టం. కూర్చోలేదు, పడుకోలేదు. సంగటి కెలికి, తినకుండా మూతపెట్టి, వాకిలి ఊడ్చి, ఊడ్చిందే ఊడ్చి, గొర్రెలదొడ్డి దాకా నడిచి తిరిగి వచ్చింది. రెండు అడుగులు ఇటు, రెండు అడుగులు అటు. కొడుకు నడకే తనూ నడుస్తున్నట్టు కాసేపటికి ఆమెకే తెలిసింది. వాడిప్పుడు గోడ దగ్గర ఉన్నాడా, దూరంగా ఉన్నాడా? పదే పదే అదే ప్రశ్న. వాడు ఆశపడి ఉండకపోతే ఆ బొప్పితోనే పోయేది. తనే ఆశ పుట్టించి, తనే చెడగొట్టింది.

సోమవారం ఇక ఆగలేక, తెలుగు పుస్తకం కోసం, చింతపండు గంప లేకుండానే హిందూపురం పోయింది. కొట్టుకు తాళం వేసి ఉంది. పక్క కొట్టాయన, "ధర్మవరానికి పోయిండారు, పెండ్లిచీరలు తెచ్చేకి. రేపు సాయంత్రానికి గానీ రారు," అన్నాడు. చిన్నక్క తలుపు సందులోంచి లోపలికి చూసింది. కట్టలు కట్టలు పుస్తకాలు, నడుమ తాళం. జైల్లో బీరువా ఎలా ఉంటుందో ఆమె చూడలేదు గానీ ఇలాగే ఉంటుందనుకుంది. ధర్మవరంలో ఏ మగ్గం మీద నేసిన చీర కొంటున్నారో, ఆ మగ్గం ముందు ఇప్పుడు ఎవరు కూర్చున్నారో. మధ్యాహ్నం బస్సుకు ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

మంగళవారం ఆమెకు జైలుకు పోవడానికి కాళ్లు రాలేదు. అయినా పోయింది.

కదిరప్ప సంగటిముద్దను ముక్కలు చేయలేదు. గిన్నె మూత తీసి, చూడకుండానే మూశాడు. అతని కళ్లు ఎక్కడో ఉన్నాయి. రిజిస్టరులో పేరు రాస్తూ ఆగిపోయి, "ఎద్దుల పుస్తకం తెచ్చినావు, నువ్వే కదా?" అన్నాడు.

"ఔనప్పా."

"ములాఖాత్ అయినాక అట్లే పోవద్దు. నాతో మాట్లాడి పో."

ఆ పుస్తకంలో నిజంగానే ఏదో ఉందనుకుంది చిన్నక్క. పారిపోయే దారే రాసి ఉంది. కొడుకు మీద ఇంకో కేసు పెడతారు. తను అట్ట మీది ఎద్దులను చూసి తెచ్చిన పుస్తకం కొడుకును ఇంకో రెండేళ్లు లోపల కూర్చోబెడుతుంది. జాలీ దాకా ఉన్న పది అడుగులూ ఆమె గోడ పట్టుకుని నడిచింది.

దేవేంద్ర అప్పటికే జాలీకి ముఖం ఆనించి నిలబడి ఉన్నాడు. కదలకుండా నిలబడ్డాడు.

"పుస్తకం లోపలికి ఇడిసినారా?" అంది, ఇంకేం అడగాలో తెలియక.

"లేదు మా. ఇంగా తనిఖీలోనే ఉండాది."

ఆమె తల దించుకుంది. అప్పుడు కనబడ్డాయి అతని వేళ్లు. కుడిచేతి చూపుడు వేలూ నడిమి వేలూ నీలంగా ఉన్నాయి. మొదట దెబ్బ తగిలిందనుకుంది. కాదు, సిరా.

"ఏందది?"

"చెప్తా ఇను. సారు కోర్టునుంచి వచ్చి పుస్తకం చూసినాడు. ఫోనులో ఫోటో తీస్తే తెలుగు చేస్తాదంట కదా, అది చేసినాడు. 'ఎద్దు గవర్నమెంటుగా నడిచెను' అని వచ్చింది." దేవేంద్ర నవ్వాడు. ఆ నవ్వు చూసి చిన్నక్క జాలీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "తిరిగిచ్చేద్దామంటే తనిఖీ చేసినట్టు రాయల్ల. ఏముండాదో తెలీకుండా ఏం రాస్తాడు? లోపలికొచ్చి, కన్నడం చదివేకి వచ్చినోడు ఎవుడన్నా ఉండాడా అని అడిగినాడు. మారెప్పన్న చెయ్యెత్తినాడు."

మారెప్ప మడకశిర అవతలి మనిషి. అరవై ఏళ్లుంటాయి. ఎనిమిది నెలలుగా ఆ గదిలో ఉన్నాడు గానీ అవునూ కాదూ తప్ప ఇంకో మాట ఎవరూ వినలేదని దేవేంద్ర ఇదివరకు ఒకసారి చెప్పాడు.

"శనివారం పొద్దున్నుంచి గేటు లోపల వరండాలో కూచోబెట్టినారు. మారెప్పన్న చదివి తెలుగులో చెప్పేది, నేను రాసేది. ఏముండాదో మొత్తం రాసియ్యల్ల, సారు చదివి సంతకం పెట్టల్ల. కదిరప్ప సారు పక్కన కూచోని కాపలా. మొదులు రోజు మా ఇద్దరికే ఇనపడేది. కటకటాల కాడ మావాళ్లు గట్టిగా చదవమన్నారు. మారెప్పన్న గట్టిగా ఎత్తుకున్నాడు. ఆయప్పకు అంత గొంతు యాడుండెనో. రెండు నోటు పుస్తకాలు అయిపోయినాయి మా. కదిరప్ప సారే తెప్పించినాడు."

"ఏముండాది దాంట్లో?" అంది చిన్నక్క. గుండెలో ఇంకా భయం తీరలేదు.

"ఎద్దులే."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. నింగమ్మ అని ఒక ఉప్పమ్మే ఆడమనిషి, మొగుడు లేడు, బండీ ఎద్దుల జతా ఆమె బతుకు. ఒకరోజు ఎద్దులు పోయాయి. ఊరంతా వదులుకోమన్నారు. ఆమె కాడి భుజాన వేసుకుని పరస తర్వాత పరస తిరుగుతుంది, ఎద్దులు అమ్మే పరసలన్నీ. ఐదేళ్లు తిరుగుతుంది. కొమ్ములకు రంగులు మార్చి ఉంటారని కొమ్ములు చూడదు, ఎద్దుల కళ్లు చూస్తుంది. దేవేంద్ర చేతులు మగ్గం మీద ఆడినట్టు గాలిలో ఆడుతున్నాయి. పక్క కుటుంబాలవాళ్లు తమ మాటలు తగ్గించి ఇటు తిరిగారు. చిన్నక్క ములాఖాత్ సంగతే మరిచిపోయింది.

"కొమ్ములు లోపలికి వంగిన ఎద్దు దొరికిందా?" అంది.

"ఆఖరి పరసలో దొరికింది. ముసిలిదైపోయింది, ఒళ్లంతా వాతలు. అమ్మేవాడు ఇది నాదే అంటాడు. పెద్దమనుషులు ఏమన్నారంటే, నువ్వు పిలువు, అది వస్తే నీది అన్నారు. నింగమ్మ పిలిచింది. ఎద్దు తల తిప్పింది."

"ఆమైన?"

"ఆమైన లేదు. ఆడికి పేజీలు అయిపోయినాయి. నిన్న సాయంత్రం." దేవేంద్ర జాలీని గట్టిగా పట్టుకున్నాడు. "నిన్నట్నుంచి లోపల ఒకటే పంచాయితీ. గుర్తుపట్టి వచ్చిందని ఐదుగురు, ఐదేండ్లకు యాడ గుర్తుంటాదని ఐదుగురు. మారెప్పన్న మాట్లాడలేదు, అన్నం తినలేదు. పొద్దున చూస్తే కండ్లు ఎర్రగా ఉండాయి."

"మీ కదిరప్ప సారు ఏమంటాడు?"

"ఆయప్పే అందరికన్నా ఎక్కువ కొట్లాడేది. రాకుండా ఎట్లుంటాది, తనకల్లులో మా నాయన ఎద్దు ఏడేండ్ల తర్వాత వచ్చింది అంటాడు."

అసలు కథంతా ఆఖర్న ఉండాదని పద్మావతమ్మ చెప్పింది. మోకాళ్ల నడుమ పుస్తకం పెట్టుకుని గుంజింది చిన్నక్కే. పిడికెడు కాగితాలు. ఊరి పేరు కూడా చదవలేని ఆమె ఇంట్లో, దేవుని గూట్లో, పసుపు రాసిన అట్టకు అతుక్కుని, నింగమ్మ పిలుపుకు జవాబు నాలుగు రోజులుగా నిలబడి ఉంది.

"నాయనా, అవి ఇంట్లో ఉండాయి," అంది.

"ఏవి?"

"ఆఖరి కాగితాలు. పారెయ్యలేదు. గూట్లో పెట్టినా."

దేవేంద్ర ఏదో అనబోయాడు. గంట కొట్టారు. అతను వెనక్కి నడుస్తూనే తిరిగి తిరిగి చూశాడు. లోపలికి పోయీ పోకముందే అతని గొంతు వినబడింది. "అన్నా, మారెప్పన్నా, ఉండాయంట." తర్వాత లోపల చాలామంది ఒకేసారి మాట్లాడారు.

కదిరప్ప గేటు దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. టోపీ సరిచేసుకున్నాడు. గొంతు సవరించుకుని, ఆఫీసు మాట మాట్లాడాడు.

"ఏమ్మా, ఆ పుస్తకం తనిఖీ పూర్తి కాలేదు. వెనక పేజీలు కొన్ని తక్కువుండాయి. మొత్తం చూడకుండా సారు సంతకం పెట్టడు. ఆ పేజీలు యాడ పడేసినావు?"

"పడెయ్యలేదప్పా, ఇంట్లో ఉండాయి. శుక్రవారం తెస్తా."

"శుక్రవారమా?" ఆఫీసు గొంతు జారిపోయింది. అతను గేటు లోపలికి ఒకసారి చూసి, రెండు అడుగులు ఆమె వైపు వచ్చాడు. "శుక్రవారం దాకా యాడ ఆగేది? రేపు తే. ములాఖాత్ లేకున్నా పరవాలేదు. నేను గేటు కాడే ఉంటా. పొద్దున మొదులు బస్సుకే రా."

"సరేప్పా."

ఆమె నాలుగు అడుగులు వేసి ఆగింది. కొంగుతో చెమట తుడుచుకుంది. ఇంకోసారి తప్పు చేయకూడదనుకుంది. వెనక్కి వచ్చి అడిగింది.

"అప్పా, ఆ కాగితాలు ఇంగా ఎనక అట్టకే అంటుకోని ఉండాయి. గట్టి అట్ట లోపలికి పోదంటివి కదా. పీకి తేవల్లనా?"

కదిరప్ప నోరు తెరిచాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మాటకు అతని దగ్గర ఒకటే జవాబు ఉంది. చిన్నక్క నల్లటి చేతులకేసి చూశాడు. బొటనవేలికి చుట్టిన గుడ్డ చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు. "నీకు దండం పెడతా, ముట్టుకోవద్దు. అట్టతోనే తే."